పీల్చే టీబీ మందు: ఏ జంతువు అని అడిగే ముందు, మందు ఎక్కడ దిగిందో తేల్చుకోండి

ముందుగా ప్రశ్న క్లుప్తంగా. హైదరాబాద్‌లో ఫార్మసీ పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని రిఫాంపిసిన్‌ను పీఎల్‌జీఏ పాలిమర్‌లో కలిపి, స్ప్రే డ్రైయర్ (ద్రావణాన్ని తుంపర్లుగా చిమ్మి ఆరబెట్టే యంత్రం) మీద 2–3 మైక్రాన్ల పొడి తయారు చేశారు. పొడి బరువులో మందు 30 శాతం. దీన్ని టీబీ సోకిన జంతువులకు ఊపిరి ద్వారా ఇచ్చి, నోటి ద్వారా ఇచ్చిన మందు కంటే మెరుగ్గా పనిచేస్తుందని చూపాలనుకుంటున్నారు. ఏ జంతువు తీసుకోవాలి, మందు ఎలా ఇవ్వాలి, ఒక్కో గుంపుకు ఎన్ని కావాలి, అనుమతులు ఎక్కడ తీసుకోవాలి అన్నది వారి సందేహం.

అమ్మా, మీరు అడిగిన వరుసను తిరగేసి జవాబు చెప్తాను. జంతువు ఎంపిక రెండో ప్రశ్న. మొదటిది: మీరిచ్చిన మందులో ఎంత ఊపిరితిత్తికి చేరింది, ఎంత ముక్కులో ఆగి గొంతు దిగి కడుపులోకి పోయింది? ఇది తేల్చకుండా టీబీ సోకిన జంతువుల దాకా వెళ్తే, చివరికి మీరు కొలిచేది పీల్చిన మందు ప్రభావమో, మింగిన మందు ప్రభావమో మీకే తెలియదు. ఈ పని మొత్తం ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో, మామూలు యానిమల్ హౌస్‌లోనే చేయొచ్చు. దానికి ఏబీఎస్‌ఎల్-3 (ప్రమాదకర క్రిములు సోకిన జంతువులను ఉంచే అధిక భద్రతా ప్రయోగశాల) అక్కర్లేదు. మూడు నాలుగు నెలలు ఇక్కడ పెడితే తర్వాత ఒక ఏడాది మిగులుతుంది.

చిట్టెలుక, ఎలుక, గినీ పంది ముక్కుతోనే గాలి పీలుస్తాయి, మనలా నోటితో పీల్చవు. వాటి ముక్కులోని మెలికల ఎముకలు పెద్ద కణాలన్నిటినీ వడగట్టేస్తాయి. మనిషికి 5 మైక్రాన్ల లోపు కణం చాలంటాం. చిట్టెలుకకు ముక్కు ద్వారా ఇస్తే 2 మైక్రాన్ల దగ్గరే పెద్ద వాటా ముక్కులో ఆగుతుంది. ఇక్కడ అడగాల్సింది మైక్రోస్కోప్ కింద కనిపించే వ్యాసం కాదు, గాలిలో ఆ కణం ప్రవర్తించే వ్యాసం. అది క్యాస్కేడ్ ఇంపాక్టర్ (గాలిలో ఎగిరే కణాలను పరిమాణం వారీగా వేరు చేసే పరికరం) మీద కొలిస్తేనే తెలుస్తుంది. మీ 2–3 మైక్రాన్లు ఏ పద్ధతిలో కొలిచారో మొదట చూసుకోండి. లేజర్ డిఫ్రాక్షన్‌లో 2 మైక్రాన్లు వచ్చిన పొడి కూడా విడివిడిగా ఎగరకుండా ముద్దలుగా ఎగిరితే గాలిలో 6 మైక్రాన్ల కణంలా నడుస్తుంది.

మందు ఇచ్చే దారులు మూడు. ఒకటి ముక్కు మాత్రమే తెరిచి ఉంచే గొట్టాల్లో జంతువులను ఉంచి మందు గాలి పంపడం. రెండు, మత్తిచ్చి శ్వాసనాళంలోకి సన్నని సూదితో పొడిని ఊదడం. మూడు, ముక్కు రంధ్రాల్లో చుక్కలు వేయడం. ఒళ్ళంతా మందు పొగలో ఉంచే పెట్టె పద్ధతిని లెక్కలోకి తీసుకోకండి. జంతువు తర్వాత బొచ్చు నాక్కుంటుంది, మీ ప్రయోగం నోటి మందు ప్రయోగంగా మారిపోతుంది.

ముక్కు గొట్టాల పద్ధతి సహజమైనది, మత్తు అక్కర్లేదు, విషప్రభావ పరీక్షలకు నియంత్రణ సంస్థలు మెచ్చేదీ ఇదే. కానీ మందు ఖర్చు లెక్కేయండి. చిట్టెలుక నిమిషానికి పీల్చే గాలిని శరీర బరువుతో అంచనా కడతారు: కిలోల్లో బరువును 0.852 ఘాతానికి పెంచి 0.608తో గుణిస్తే లీటర్లలో వస్తుంది. 25 గ్రాముల చిట్టెలుకకు ఇది నిమిషానికి సుమారు 26 మిల్లీలీటర్లు. 250 గ్రాముల ఎలుకకు సుమారు 187, 400 గ్రాముల గినీ పందికి సుమారు 280. ఇప్పుడు గాలిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల మందు ఉందని, 30 నిమిషాలు ఉంచామని అనుకుందాం. ఒక్కో చిట్టెలుక పీల్చేది 0.39 మిల్లీగ్రాములు, అంటే కిలోకు సుమారు 16. ఇందులో ఊపిరితిత్తిలో దిగేది చిట్టెలుకలకూ ఎలుకలకూ సాధారణంగా 10 శాతం అని లెక్కిస్తారు. అంటే కిలోకు 1.6 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంకోవైపు 12 గొట్టాల టవర్‌కు గొట్టానికి నిమిషానికి ఒక లీటరు గాలి పంపితే 30 నిమిషాల్లో 360 లీటర్లు, 180 మిల్లీగ్రాముల మందు, మీ 30 శాతం పొడిలో 600 మిల్లీగ్రాములు ఖర్చవుతాయి. పన్నెండు జంతువుల ఊపిరితిత్తుల్లో కలిపి దిగేది అర మిల్లీగ్రాము. 20 మోతాదులకు 12 గ్రాముల పొడి కావాలి. బల్ల మీద పెట్టే చిన్న స్ప్రే డ్రైయర్‌తో, పొడిని పట్టే సైక్లోన్ గొట్టంలో సగం పొడి పోగొట్టుకుంటూ అంత తీయడం ఎంత పనో మీకు తెలుసు.

అందుకే చాలామంది పొడి ఊదే పద్ధతికి వస్తారు. మీకూ మొదటి దశలో అదే సరైనదని నా అభిప్రాయం. ఐసోఫ్లురేన్ మత్తులో చిట్టెలుకను వాలుగా పళ్ళ దగ్గర వేలాడదీసి, గొంతులో వెలుగు వేసి, సూది కొసను శ్వాసనాళం రెండుగా చీలే చోటికి కాస్త పైన ఆపాలి. ఇంకా లోపలికి తోస్తే పొడంతా కుడి ఊపిరితిత్తిలోకే పోతుంది. చిట్టెలుకకు ఎడమవైపు ఒకే తమ్మె (ఊపిరితిత్తి భాగం), కుడివైపు నాలుగు. కాబట్టి ప్రతి తమ్మెనూ విడిగా తూచి, గ్రాము కణజాలానికి మందు ఎంతో విడిగా కొలవండి. ఎడమ తమ్మెలో గ్రాముకు ఉన్నది కుడివైపుతో పోలిస్తే సగం కూడా లేకపోతే సూది లోతు తప్పిందని అర్థం. ఊదే గాలి 0.2 మిల్లీలీటర్లు, అంటే చిట్టెలుక ఒక్క శ్వాసకు పీల్చేంత. పొడి రాలేదని రెండింతలు గట్టిగా ఊదితే గాలి సంచులు చిట్లుతాయి. ఆ రక్తపు మచ్చలను తర్వాత హిస్టాలజీలో మందు విషప్రభావంగా తప్పు చదువుతారు.

ఊదే గొట్టాన్ని ప్రతి జంతువుకూ ముందు, తర్వాత 0.01 మిల్లీగ్రాము చూపే తూకంలో తూచండి. తేడాయే మీరిచ్చిన అసలు మోతాదు. ఒక మిల్లీగ్రాము నింపితే 0.4 నుంచి 0.9 దాకా ఏదైనా రావొచ్చు, ఆ చెదురును దాచకుండా పట్టికలో చూపాలి. మన ఊరి వాతావరణం ఇక్కడ రెండు వైపులా ఇబ్బంది పెడుతుంది. జూలై, ఆగస్టుల్లో గాలి తేమకు పొడి ముద్దకట్టి గొట్టం మూతి మూసుకుపోతుంది. ఏప్రిల్‌లో గాలి పొడిగా మారి స్థిర విద్యుత్తుతో పొడి గోడలకు అతుక్కుంటుంది. గొట్టాలను తేమ లేని పెట్టెలో నింపి, వాడే నిమిషం దాకా సిలికా జెల్‌తో మూసి ఉంచండి. వేసవిలో తూకం పక్కన అయోనైజర్ పెట్టండి. పొడిలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కలిపి స్ప్రే చేస్తే రెండు బాధలూ తగ్గుతాయి.

ముక్కు చుక్కల గురించి ఒక మాట చాలు. 20 మైక్రోలీటర్లలోపు వేస్తే ముక్కులోనే ఉంటుంది, మత్తులో 40–50 వేస్తే కొంత ఊపిరితిత్తికి జారుతుంది, మిగిలింది మింగేస్తుంది. చెదురు ఎక్కువ. పొడి మందుకు ఇది పనికిరాదు.

ఇక లెక్క తేల్చడం. ఆరోగ్యంగా ఉన్న ఆరు చిట్టెలుకలకు ఒక్క మోతాదు ఇచ్చి, ఐదు నిమిషాల్లో మానవీయంగా చంపి, ముక్కు, గొంతు, శ్వాసనాళం, ఐదు తమ్మెలు, అన్నవాహిక, కడుపు విడివిడిగా తీసి మందు కొలవండి. అన్నీ కూడితే ఇచ్చినదాంట్లో 85 శాతమైనా దొరకాలి. దొరక్కపోతే మీ సంగ్రహణ పద్ధతిలో లోపముంది, ముందు దాన్ని సరిచేయండి. రిఫాంపిసిన్ ఇటుక రంగులో ఉంటుంది కాబట్టి మీకొక వరం ఉంది: ముక్కు చీల్చి చూస్తే ఎక్కడ ఆగిందో కంటికే కనిపిస్తుంది. అదే రిఫాంపిసిన్ వెలుతురుకూ గాలికీ పాడై క్వినోన్‌గా మారుతుంది, ఆమ్లంలో మరో టీబీ మందు ఐసోనయాజిడ్ పక్కన ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. నమూనాలను ఆస్కార్బిక్ యాసిడ్ ఉన్న ముదురు రంగు గొట్టాల్లో, మంచు మీద తీసుకుని వెంటనే మైనస్ 80లో పెట్టండి. ప్రామాణిక ద్రావణాలు రోజుకు రోజు కొత్తగా చేయండి. కడుపులో మందు తక్కువ దొరికితే "మింగలేదు" అని సంబరపడకండి, అక్కడి ఆమ్లమే దాన్ని విరగ్గొట్టి ఉండొచ్చు.

తర్వాత కాలంతో పాటు మందు ఎలా తగ్గుతుందో చూడాలి: రక్తం, ఊపిరితిత్తి కణజాలం, గాలి సంచుల గోడను తడిపే పలుచటి ద్రవం, ఈ మూడూ. ఆ ద్రవాన్ని సెలైన్‌తో కడిగి తీస్తారు కాబట్టి ఎన్ని రెట్లు పలచబడిందో తెలియాలి. యూరియా ఒళ్ళంతా ఒకే గాఢతలో ఉంటుంది. రక్తంలోని యూరియాను కడిగిన ద్రవంలోని యూరియాతో భాగిస్తే ఆ రెట్లు వస్తాయి. కానీ సెలైన్‌ను లోపల ఎక్కువసేపు ఉంచితే కణజాలం నుంచి యూరియా ఊరి లెక్క చెడుతుంది. చిట్టెలుకకు 0.8 మిల్లీలీటర్లు పంపి, అర నిమిషం లోపు వెనక్కి లాగండి. యూరియా లెక్కకు మొదటి కడుగునే వాడండి.

మరో సంగతి, దీన్ని చాలా సిద్ధాంత వ్యాసాలు వదిలేస్తాయి. పీఎల్‌జీఏ ఊపిరితిత్తిలో వారాల తరబడి ఉంటుంది. మీరు రోజుకో మిల్లీగ్రాము పొడి ఇస్తే అందులో 0.7 పాలిమరే. 20 మోతాదుల్లో సగమే దిగినా 7 మిల్లీగ్రాముల పాలిమర్, 200 మిల్లీగ్రాముల లోపు బరువున్న చిట్టెలుక ఊపిరితిత్తుల్లో. కరగని ధూళి గ్రాము ఊపిరితిత్తికి ఒక మిల్లీగ్రాము దాటితేనే ఎలుకల్లో మాక్రోఫేజ్‌లు (ఊపిరితిత్తిలో ధూళినీ క్రిములనూ మింగే రక్షక కణాలు) శుభ్రం చేయలేక చేతులెత్తేస్తాయని తెలుసు. పీఎల్‌జీఏ నెమ్మదిగా కరుగుతుంది నిజమే, అయినా ఈ భారం చాలా ఎక్కువ. టీబీ క్రిమి నివాసం కూడా ఆ మాక్రోఫేజ్‌లలోనే. ఉక్కిరిబిక్కిరైన మాక్రోఫేజ్ క్రిమికి మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పలేం. మందు శాతం 30 నుంచి పెంచగలిగితే పెంచండి, లేదా వారానికి రెండు మూడు మోతాదులకు దిగండి. పాలిమర్ నెమ్మదిగా మందు వదులుతుందనే కదా ఇంత శ్రమ, మరి రోజూ ఇవ్వాల్సిన అవసరమేముంది?

ఇప్పుడు జంతువు. దీన్ని జబ్బు పేరుతో కాదు, పుండు రూపంతో ఎంచుకోవాలి. మీ మందు ఏ గోడ దాటాలో ఆ గోడ ఉన్న జంతువు కావాలి.

బాల్బ్-సి, సి57 బ్లాక్-6 చిట్టెలుకలు చవక, దొరుకుతాయి, పరీక్షా రసాయనాలన్నీ ఉన్నాయి. కానీ వీటి ఊపిరితిత్తుల్లో టీబీ క్రిములు దాదాపు అన్నీ కణాల లోపలే ఉంటాయి. మనిషిలో ఉండే పెరుగుముద్దలాంటి కుళ్ళు, అంటే కేసియం, రాదు. మాక్రోఫేజ్‌లు మింగే మీ కణాలకు ఇది అనుకూలమైన జంతువు. అనుకూలం కాబట్టే జాగ్రత్త: ఇక్కడ వచ్చే మంచి ఫలితం, కేసియంలో కణాల బయట దాక్కున్న క్రిముల గురించి ఏమీ చెప్పదు. సి3హెచ్‌ఈబీ/ఎఫ్‌ఈజే రకం చిట్టెలుకల్లో కుళ్ళిన గ్రాన్యులోమాలు (క్రిముల చుట్టూ రక్షక కణాలు కట్టే ముద్దలు) వస్తాయి. వీటిలోనే తెలిసింది, పైరజినమైడ్ లాంటి ఆమ్లంలో పనిచేసే మందు తటస్థ పీహెచ్ ఉన్న కేసియంలో ఎంత బలహీనమో. రిఫాంపిసిన్ కేసియంలోకి బాగానే చేరుతుంది, అది మీకు మేలు. ఈ రకంలో చిక్కేమిటంటే ఒక జంతువులో పెద్ద కుళ్ళు, పక్కదాంట్లో చిన్న మచ్చలు. చెదురు పెరుగుతుంది కాబట్టి సంఖ్య పెంచాలి. దేశంలో ఎవరి దగ్గరైనా కాలనీ ఉందేమో ముందు కనుక్కోండి, దిగుమతి అంటే నెలల పని.

టీబీ చరిత్ర అంతటా గినీ పంది ఉంది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882లో క్రిమిని నిరూపించింది వీటితోనే. స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందని 1944లో మేయో క్లినిక్‌లో తేలింది వీటిలోనే. 1950లలో బాల్టిమోర్‌లో టీబీ వార్డు గాలిని పైకప్పు మీది గినీ పందుల గదికి పంపి, జబ్బు గాలి ద్వారానే అంటుతుందని చూపారు. చాలా తేలిగ్గా జబ్బు పడుతుంది, గ్రాన్యులోమా మనిషిదానికి దగ్గరగా ఉంటుంది. పీల్చే కాప్రియోమైసిన్ పొడి వీటిలో పరీక్షకు నిలిచి, తర్వాత మనుషుల్లో భద్రతా పరీక్ష దాకా వెళ్ళింది. మరి కష్టాలు? దాని అంగిట్లో సన్నని ద్వారం ఉంది, శ్వాసనాళంలోకి సూది పంపడం చిట్టెలుక కంటే కష్టం. శ్వాసనాళాల కండరం మందం, పొడి తగిలితే బిగుసుకుపోతుంది. ఖాళీ పాలిమర్ పొడితో ముందు ఒకటి రెండింటిలో శ్వాస చూసుకోకుండా మొత్తం గుంపుకు ఇవ్వొద్దు. విటమిన్ సి తయారు చేసుకోలేదు. రోజుకు కిలోకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అందాలి, పాతబడిన దాణాలో అది ఉండదు. విటమిన్ లోపంతో బరువు తగ్గిన గినీ పందిని టీబీ ముదిరిందని రాసుకుంటే ప్రయోగం తప్పుదోవ పడుతుంది. నోటి యాంటీబయాటిక్‌లతో పేగు క్రిములు తారుమారై చనిపోవడం వీటిలో మామూలు, నోటి మందు గుంపును రోజూ తూచండి.

కుందేలులో కుహరాలు వస్తాయి, కోతుల్లో దాగిన టీబీ కూడా వస్తుంది, రెండూ మీ ప్రశ్నకు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక రిఫాంపిసిన్‌కే ప్రత్యేకం. మనిషి కాలేయంలో ఇది ఎంజైములను బాగా పెంచి తనను తానే త్వరగా పోగొట్టుకుంటుంది, ఇతర మందులనూ పోగొడుతుంది. చిట్టెలుక, ఎలుకల్లో ఆ రిసెప్టర్‌ను ఇది సరిగా తాకదు. పీల్చే మందు వల్ల కాలేయపు చిక్కులు తప్పుతాయని మీ జంతువుల ఫలితంతో వాదించొద్దు.

జబ్బు సోకించే పని గురించి గట్టిగా చెప్పాల్సిన మాట: అది మీ కాలేజీలో జరిగే పని కాదు, మీరు నేర్చుకోవాల్సిన పని కూడా కాదు. ఏబీఎస్‌ఎల్-3 ఉన్న కేంద్రంలో శిక్షణ పొందిన సిబ్బందే చేస్తారు. ఢిల్లీలో ఐసీజీఈబీలో (అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం) దీనికోసమే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతుతో ఒక టీబీ ఏరోసాల్ కేంద్రం నడుస్తోంది. మన దగ్గర హబ్సిగూడ, తార్నాక, గచ్చిబౌలి, జీనోమ్ వ్యాలీల్లోని సంస్థలను మీ గైడ్ ద్వారా అడిగి, టీబీకి అనుమతి ఉన్న సౌకర్యం ఎక్కడుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీరు ఆ కేంద్రం నుంచి అడగాల్సినవి రెండు అంకెలు. సోకించిన మర్నాడు మూడు నుంచి ఐదు జంతువుల ఊపిరితిత్తుల్లో లెక్కించిన క్రిములెన్ని? చికిత్స మొదలైన రోజు ఎన్ని? తక్కువ మోతాదు పద్ధతిలో నాలుగు వారాలకు చిట్టెలుక ఊపిరితిత్తుల్లో సాధారణంగా పది లక్షల దరిదాపుల్లో క్రిములుంటాయి. ఈ రెండో అంకె లేకపోతే మీ మందు క్రిములను చంపిందో, పెరగకుండా ఆపిందో చెప్పలేరు.

గుంపులు ఇలా ఉండాలి. చికిత్స లేనిది, మత్తిచ్చి ఖాళీ గాలి ఊదినది, ఖాళీ పాలిమర్ పొడి ఊదినది, మందు పొడి ఊదినది, అదే పొడిని నోటి ద్వారా ఇచ్చినది, మామూలు రిఫాంపిసిన్ నోటి ద్వారా కిలోకు 10 మిల్లీగ్రాములు ఇచ్చినది. ఐదో గుంపును ఖర్చని తీసేయాలనిపిస్తుంది. తీయకండి, మింగిన వాటా ఎంత పని చేసిందో అదొక్కటే చెప్తుంది. మూడోది లేకపోతే పాలిమర్ మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టి చేసిన మార్పు మందు ఖాతాలో పడుతుంది. రెండోది వారాల తరబడి ఇచ్చే మత్తు వల్ల తగ్గే బరువును పట్టిస్తుంది. నిజ చికిత్సకు దగ్గరగా ఐసోనయాజిడ్ (కిలోకు 10), పైరజినమైడ్ (150) కలిపితే, నోటి రిఫాంపిసిన్‌ను వాటికి కనీసం గంట ముందు ఇవ్వండి. కలిపి ఇస్తే చిట్టెలుకలో రిఫాంపిసిన్ తక్కువగా ఒంటికి పడుతుంది.

క్రిముల లెక్కలో పీల్చే మందులకు ఒక ఉచ్చు ఉంది, ప్రచురితమైన పనుల్లో కూడా చాలామంది అందులో పడ్డారని నా అనుమానం. చివరి మోతాదు తర్వాత ఊపిరితిత్తిలో మందు మిగిలే ఉంటుంది. మీ కణాల్లో అయితే రోజుల తరబడి ఉంటుంది. కణజాలాన్ని నూరినప్పుడు ఆ కణాలు పగిలి మందు బయటికొచ్చి, గొట్టంలోనూ క్రిములను పెంచే జెల్లీ (అగర్) పళ్ళెం మీదా క్రిములను ఆపేస్తుంది. జంతువులో బతికే ఉన్న క్రిమి పళ్ళెం మీద పెరగదు, మీకు గొప్ప ఫలితం వచ్చినట్టు కనిపిస్తుంది. దీన్ని పట్టుకునే గుర్తు: పలచన చేయని పళ్ళెంలో 40 కాలనీలు (ఒక్కో బతికున్న క్రిమి పెరిగి కంటికి కనిపించే చుక్క), పది రెట్లు పలచన చేసినదాంట్లో 60. సరైన లెక్కలో మొదటిదాంట్లో 600 రావాలి. మందు అడ్డం పడిందన్నమాట. మందు ఆపిన తర్వాత కనీసం మూడు రోజులు ఆగి చంపడం నోటి రిఫాంపిసిన్‌కు సరిపోతుంది. మీ కణాలకు ఎన్ని రోజులో ఆరోగ్యపు జంతువుల్లో మీరు కొలిచిన కాలపు రేఖే చెప్పాలి. 7హెచ్11 అగర్‌లో 0.4 శాతం యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపితే పళ్ళెం మీది మందును అది పీల్చేస్తుంది. కాలనీలు కనిపించడం ఆలస్యమవుతుంది, ఆరు వారాల దాకా చూడండి. చార్‌కోల్ గొట్టంలో జరిగే నష్టాన్ని ఆపదు, కాబట్టి నూరిన వెంటనే మంచు మీద పలచన చేసి పరచాలి.

దీనికి సరైన రుజువు ఒక చిన్న పరీక్ష. మందు తీసుకున్న, జబ్బు లేని జంతువు ఊపిరితిత్తిని నూరి, చికిత్స లేని జబ్బు జంతువు ఊపిరితిత్తి ద్రవంతో సమానంగా కలపండి. ఇంకో గొట్టంలో మందు తీసుకోని ఆరోగ్యపు ఊపిరితిత్తి ద్రవంతో కలపండి. రెండింటి కాలనీలు సమానంగా వస్తే మీ పద్ధతి శుభ్రం. ఈ పట్టిక మీ పత్రంలో ఉంటే సమీక్షకులు అడిగే ప్రశ్నల్లో సగం తీరిపోతాయి.

పద్ధతి వివరం: ఊపిరితిత్తిని 0.05 శాతం ట్వీన్-80 ఉన్న బఫర్ 2 మిల్లీలీటర్లలో నూరి, పదేసి రెట్లు పలచన చేసి, ఒక్కో పళ్ళానికి 100 మైక్రోలీటర్లు. అప్పుడు ఒక కాలనీ అంటే ఊపిరితిత్తికి 20 క్రిములు, మీ కింది హద్దు అది. సున్నా వస్తే "నయమైంది" అని రాయకుండా "20 కంటే తక్కువ" అని రాయండి. నయమైందో లేదో తెలియాలంటే మందు ఆపి 12 వారాలు ఆగి, మొత్తం ఊపిరితిత్తిని పళ్ళాల మీద పరచి, జబ్బు తిరగబెట్టిందా చూడాలి. మొదటి నెలలో క్రిములు వేగంగా తగ్గడం వేరు, జబ్బు పూర్తిగా పోవడం వేరు. మాక్సిఫ్లాక్సాసిన్ చికిత్సా కాలాన్ని తగ్గిస్తుందని చిట్టెలుకల్లో ఆశ పుట్టింది. 2014లో వెలువడిన మానవ ప్రయోగంలో దాంతో కూర్చిన 4 నెలల కోర్సు 6 నెలల పాత కోర్సుకు సరితూగలేదు. రిఫాపెంటిన్‌ను తోడు చేసిన 4 నెలల కోర్సు 2021 ఫలితాల్లో సరితూగింది. పీహెచ్‌డీ గడువులో తిరగబెట్టే పరీక్ష చేయలేకపోతే తప్పు లేదు, కానీ అప్పుడు మీ సిద్ధాంత వ్యాసంలో "చికిత్స కాలం తగ్గుతుంది" అన్న మాట రాకూడదు.

సంఖ్యలు. లాగ్ లెక్కలో (ఒక లాగ్ అంటే పది రెట్లు) చెదురు 0.5 అనుకుంటే, ఒక లాగ్ తేడాను 80 శాతం బలంతో, అంటే తేడా నిజంగా ఉంటే పదిలో ఎనిమిదిసార్లు, పట్టడానికి గుంపుకు ఆరు కావాలి, నష్టాలకు ఇంకొన్ని కలపండి. అర లాగ్ తేడా పట్టాలంటే 17 కావాలి. మీ పొడికీ నోటి మందుకీ తేడా ఒక లాగ్ ఉంటుందన్న నమ్మకం దేని మీద? నిజాయితీగా అర లాగ్ అనుకుని లెక్కేయండి, గుంపులు తగ్గించుకున్నా సరే. తిరగబెట్టే పరీక్షకు గుంపుకు 15: అవి 90 శాతం తిరగబెట్టే గుంపును 30 శాతం దాన్నుంచి వేరు చేస్తాయి, 40ని 20 నుంచి వేరు చేయలేవు. ఒకే పూట సోకించినవన్నీ ఒక గుంపులో, ఇంకో పూటవి వేరే గుంపులో పడితే మొత్తం వృథా. ప్రతి పూట జంతువులనూ అన్ని గుంపులకూ చీట్లేసి పంచాలి. కాలనీలు లెక్కించే వ్యక్తికి గుంపు తెలియకూడదు.

అనుమతుల విషయానికి వస్తే, జంతువులుండే సంస్థ సీసీఎస్‌ఈఏలో (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) నమోదై ఉండాలి. ఫారం-బి నింపి ఆ సంస్థ జంతు నైతికతా కమిటీ ముందు పెట్టాలి. చిట్టెలుకలు, ఎలుకలు, గినీ పందులు, కుందేళ్ళకు ఆ కమిటీ స్థాయి చాలు, వాటికంటే పెద్ద జంతువులకు కేంద్రంలోని సీసీఎస్‌ఈఏ దాకా వెళ్ళాలి. టీబీ క్రిమికి సంస్థాగత జీవభద్రతా కమిటీ అనుమతి విడిగా కావాలి. రెండు సంస్థల్లో పని జరిగితే రెండు చోట్లా అర్జీ పెట్టుకోండి. కమిటీ నెలకోసారో మూడు నెలలకోసారో కూర్చుంటుంది, ఒక ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే వచ్చే సమావేశం దాకా ఆగాల్సిందే. వాళ్ళు తప్పక అడిగేవి: ఈ సంఖ్య ఎందుకు, ఎప్పుడు ఆపుతారు, ఎలా చంపుతారు. బరువు 20 శాతం తగ్గినా, శ్వాసకు ఎగపోస్తున్నా, మూలన ముడుచుకుని కదలకపోయినా ఆ రోజే మానవీయంగా చంపుతామని రాయండి, దాన్ని పాటించండి కూడా. చనిపోయేదాకా ఆగి లెక్కించే ప్రయోగం మీకు అవసరమే లేదు, మీ కొలత కాలనీలు.

చివరిగా రవాణా. గినీ పందికి 20 నుంచి 26 డిగ్రీలు సుఖం, 30 దాటితే వడదెబ్బ. ఏప్రిల్, మే నెలల్లో శామీర్‌పేట వైపు నుంచి నగరంలోకి తేవాల్సి వస్తే తెల్లవారుజామునే, ఏసీ బండిలో, దోసకాయ ముక్కలు వేసి తీసుకురండి. వచ్చాక కనీసం ఏడు రోజులు ఏమీ చేయకుండా వదిలేయండి. యానిమల్ హౌస్‌కు జనరేటర్ ఉందా, కరెంటు పోయిన ఎన్ని నిమిషాలకు అందుకుంటుంది అన్నది ముందే అడగండి, రాత్రి పూట గది ఉష్ణోగ్రత నమోదు పుస్తకం చూపమనండి. మీ ఇంపాక్టర్ అంకెలూ, తమ్మెలవారీ మందు లెక్కా చేతికి వచ్చాక ఇక్కడే పెట్టండి. మోతాదునూ, వారానికి ఎన్నిసార్లు ఇవ్వాలన్నదాన్నీ వాటిని చూసి మళ్ళీ లెక్కేద్దాం.